బెంచీల మీద దేశాటన

కొందరు కళ కోసం ఊళ్ళు తిరుగుతారు. కొందరు కళ ముందు నిలబడి ఫోటో దిగడం కోసం తిరుగుతారు. మన ఇస్త్రీ అక్క మాత్రం ఒక కళాభిమానిని కట్టుకున్న పాపానికి తిరిగింది.

తిరిగింది అంటే అలా ఇలా కాదు. ఏటా సెలవులు రావడం ఆలస్యం, ఒక కొత్త ఊరు, ఆ ఊళ్ళో ఉన్న మ్యూజియాలన్నీ. రాతి బొమ్మలది, రంగుల బొమ్మలది, పాత నాణేలది, పాత పడవలది. ఒక ఊళ్ళో అయితే తాళంకప్పలకే ఒక మ్యూజియం కట్టి, దానికి తాళం వేసుకుని పోయారు, అది తెరిచేదాకా మెట్ల మీద పడిగాపులు. తిరిగొచ్చాక ఎవరైనా ‘ఏం చూశావక్కా’ అని అడిగితే, ఆమె ఆలోచించకుండా ‘బెంచీలు’ అనేది. వేళాకోళం అనుకుని అందరూ నవ్వేవాళ్ళు. వేళాకోళమేం కాదు, ఆమె నిజంగా చూసింది బెంచీలనే.

ఆమె పనిచేసేది ఒక పెద్ద హోటల్లో. హోటల్ అనగానే అద్దాల తలుపులూ, పూలకుండీలూ ఊహించుకోకండి. అవి పైన. ఈమె ఉండేది కింద, కిటికీ లేని గదిలో, గోడ పొడుగునా ఉన్న బల్ల ముందు. పైన ఎవరెవరో దొర్లి నలిపి పోయిన దుప్పట్లు ఉతికించుకుని కిందికొస్తే, వాటిని ఆవిరి ఇస్త్రీపెట్టెతో మళ్ళీ పుట్టినప్పటి దుప్పట్లలా చేయడం ఆమె పని. ఆ గదిలో కుర్చీ లేదు. కుర్చీ ఉంటే కూర్చుంటారని పెద్ద మేనేజరు భయం. పొద్దున నిలబడితే డ్యూటీ దిగేవరకూ నిలబడటమే. అలా ఏడాది పొడుగునా నిలబడిన మనిషి సెలవుల్లో ఏం కోరుకుంటుంది? కూర్చోవడం. అదేమంత గొంతెమ్మ కోరిక కూడా కాదు.

వాళ్ళాయనది ఫ్రేములు కట్టే షాపు. వీధి మలుపులో సందంత షాపు, లోపలికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి వెళ్ళాలి. ఊరందరి పెళ్ళి ఫోటోలకూ, పోయినవాళ్ళ ఫోటోలకూ, పిల్లల సర్టిఫికెట్లకూ ఆయనే ఫ్రేము కట్టాడు. సొంత పెళ్ళి ఫోటో మాత్రం ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది. ‘తీరిక దొరికాక కడతాను’ అన్నాడు. ఆ తీరిక సంగతి అడిగీ అడిగీ ఆమె మానేసింది.

మంచివాడే. తాగడు, తిట్టడు, బట్టలు విడిచిన చోట వదిలెయ్యడు. కానీ నోట్లోంచి మాట బయటికొస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ‘అన్నం పెట్టనా’ అంటే తలూపుతాడు. ‘ఉప్పు సరిపోయిందా’ అన్నా తలూపుతాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె దీన్ని గాంభీర్యం అనుకుంది. పోనుపోను ఆ పేరు మార్చుకుంది గానీ, కొత్త పేరు నలుగురిలో చెప్పేది కాదు.

మ్యూజియంలో ఆయన పద్ధతి ఆయనకుంది. రెండు కళ్ళజోళ్ళు. ఒకటి ముక్కు మీద, ఇంకోటి తాడు కట్టి మెళ్ళో. ముందు దగ్గరి చూపు జోడు పెట్టుకుని, గోడకి తల ఆనించినంత పని చేసి, బొమ్మ పక్కనున్న చీటీ మొత్తం చదువుతాడు. ఎవరు వేశారు, ఏ రంగులతో వేశారు, ఎవరు దానం ఇచ్చారు, అంతా. తర్వాత ఫ్రేము నాలుగు మూలలూ చూస్తాడు, అతుకు సరిగ్గా లేకపోతే నాలుక చప్పరిస్తాడు. ఆ తర్వాత జోడు మార్చుకుని, దూరం జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మ చూస్తాడు. చూస్తూనే ఉంటాడు. ఒక్కొక్క బొమ్మ దగ్గర మన అక్క ఒక కునుకు తీసి లేవొచ్చు. తీసేది కూడా.

ఆమెకీ ఒక పద్ధతి ఏర్పడింది. కొత్త గదిలోకి అడుగు పెట్టగానే ఆయన కళ్ళు గోడల మీదికి, ఈమె కళ్ళు గది మధ్యకి. బెంచీ ఉందా లేదా. ఉంటే తోలుదా కర్రదా. ఆనుకునే చెక్క ఉందా లేక ఊరికే పీటలా ఉందా. ఆనుకోవడానికి లేకుండా బెంచీ చేసినవాడు జన్మలో పనిచేసి అలిసిపోయిన మనిషి కాడని ఆమె నమ్మకం. పేరుమోసిన ఒక మ్యూజియంలో, టికెట్టు కోసం జనం వీధి చివరిదాకా నిలబడే చోట, గదిగదికీ రాతి తిన్నెలే. ‘అదీ ఒక మ్యూజియమేనా, ఒళ్ళంతా చల్లబడిపోయింది’ అని ఇంటికొచ్చాక తేల్చేసింది. తాళంకప్పల మ్యూజియంలో మాత్రం దూదిమెత్త కుర్చీలు. అంచేత ఆమె లెక్కలో లోకంలోకెల్లా గొప్ప మ్యూజియం అదే.

కూర్చున్నాక బొమ్మల వంక అసలు చూడదనుకోకండి. చూసేది, తన తీరులో. పాత బొమ్మల్లో దేవతలూ రాణులూ ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకుని ఉంటారు కదా, ఆ పడుకున్న దుప్పట్లు ఒక్కటంటే ఒక్కటి ఇస్త్రీ చేసి ఉండదు. ‘అంత పెద్ద కోటకి ఇస్త్రీ మనిషే దొరకలేదా’ అనుకునేది. ముక్కు విరిగిన రాతి మనుషుల్ని చూస్తే ఇంకా మంట. ఇంట్లో బొమ్మ ముక్కు విరిగితే చెత్తబుట్టలో వేస్తాం, ఇక్కడ గాజుపెట్టెలో పెట్టి మీద లైటేస్తారు. గుర్రమెక్కిన సైన్యాధిపతుల బొమ్మల్లో గుర్రం మొహంలోనే కాస్త తెలివి కనబడేది. ఇవన్నీ ఆయనతో చెబుదామని నాలుక చివరిదాకా వచ్చేవి. అప్పటికే ఆయన పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు. వెనకాల మనిషి వస్తోందా రావట్లేదా అని తిరిగి చూసే అలవాటు ఆయనకి లేదు.

ఈ సంగతులన్నీ తెలిసింది ఒక్క మడతల చెల్లెమ్మకే. హోటల్లో ఈమె ఇస్త్రీ చేసిన దుప్పటికి ఆ కొసన నిలబడి మడత పెట్టే మనిషి. దుప్పటి చెరో కొస పట్టుకుని, దగ్గరికొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి మడతపెడతారు. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఒక ముక్క చెప్పుకుంటారు. అలా ముక్కలు ముక్కలుగా వాళ్ళిద్దరికీ ఒకరి బతుకొకరికి తెలుసు.

“మళ్ళీ ప్రయాణమా అక్కా?” అంది చెల్లెమ్మ ఈ ఏడు, సెలవుల ముందు.

“మళ్ళీనే.”

“కాళ్ళు చూసుకున్నావా? బన్నుల్లా పొంగాయి. మా ఇంటికొచ్చెయ్. మంచం వేస్తా, దిండు మీద కాళ్ళు పెట్టుకుని సెలవులన్నీ పడుకో. బావగారు కావాలంటే ఆ గోడల్ని చూసుకుంటూ తిరుగుతారు.”

దుప్పటి మడత పడింది. ఇద్దరూ దూరం జరిగారు. మళ్ళీ దగ్గరికొచ్చినప్పుడు అక్క అంది, “ఈసారికి వెళ్తానే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వచ్చి నా పక్కన కూర్చుని, నువ్వేం చూశావే అని అడిగిన పాపాన పోలేదు. ఈసారి అడిగారా, సరే. అడక్కపోతే మాత్రం రైలు దిగకముందే చెప్పేస్తాను. ఇక నేను రాను, మీ దారి మీది, నా మంచం నాది.”

“ఆయన అడిగినట్టే,” అంది చెల్లెమ్మ.

నవ్వుతాలుగా అన్నా, అక్కకి లోపల కలుక్కుమంది. సంగతి కాళ్ళ నొప్పి కాదు. నొప్పి అలవాటే. తనని ఏటా పెట్టెతో పాటు సర్దుకుని తీసుకెళ్తున్నాడని, పెట్టె సంగతైనా రైలెక్కాక ఒకసారి తడిమి చూసుకుంటాడు, తన సంగతి అదీ లేదని ఆమె బాధ.

ఈసారి ఊళ్ళో మ్యూజియం చాలా పెద్దది. ఆయన దానికోసం మొహం వాచి ఉన్నాడు. పై అంతస్తు చివరి గదిలో ఒక బొమ్మ ఉంది. నది ఒడ్డు, పొగమంచు. దాని అచ్చు కాగితాలు షాపుకి తెచ్చేవాళ్ళు తెస్తూనే ఉంటారు, ఆయన ఫ్రేములు కడుతూనే ఉంటాడు. అసలుదాన్ని ఒక్కసారి చూడాలని ఎన్నేళ్ళ కోరికో. చివర్లో చూద్దామని దాచుకుని, కింది గదుల నించీ మొదలెట్టాడు. వాళ్ళ రైలు ఆ సాయంత్రమే.

తిరిగారు. తిరిగారు. ఏం దిక్కుమాలిన భవనమో, గది తర్వాత గది, ఒక్క బెంచీ లేదు. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కాపలా వాళ్ళ కుర్చీలున్నాయి గానీ వాటిలో కాపలా వాళ్ళున్నారు. కొత్త తరహా కళ ఉన్న భాగానికి వచ్చేసరికి ఆమెకి కళ్ళు తిరుగుతున్నాయి. ఒక గదిలో తెల్ల గోడ మీద తెల్ల రంగు వేసి పెట్టారు. ఆయన దాని ముందు కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన్ని అక్కడ వదిలేసి పక్క గదిలోకి నడిచింది.

అక్కడ ఉంది బెంచీ. పెద్ద గది మధ్యలో ఒకే ఒక్క బెంచీ. ఇనుప కాళ్ళు, కర్ర పలకలు, ఆనుకోవడానికి వంపు తిరిగిన చెక్క, మీద వెలుతురు. పక్కనే నేల మీద ఎవరివో ఒక జత నల్ల బూట్లు, ఒక చేతిసంచి. తనలాంటిదే ఎవరో ఇల్లాలు కాళ్ళకి గాలి తగలాలని బూట్లు విప్పి, మొహం కడుక్కోవడానికి వెళ్ళి ఉంటుందనుకుంది అక్క. ఇన్ని ఊళ్ళ బెంచీలు చూసిన మనిషి, దీన్ని మాత్రం అనుమానించలేదు. నేల మీద సన్నటి గీత ఒకటుంటే దాటేసింది. తనూ బూట్లు విప్పేసింది, అవీ నల్లవే. మేజోళ్ళు కూడా లాగేసి, తల చుట్టూ శాలువా కప్పుకుని, వెనక్కి ఆనుకుంది. అమ్మయ్య అనుకునేలోపే నిద్ర పట్టేసింది.

గుసగుసలకి మెలకువొచ్చింది. రెప్పలు సందు చేసి చూస్తే గీతకి అవతల జనం. వాళ్ళంతా చూస్తున్నది తనని. ఒకాయన తల పక్కకి వంచి మరీ చూస్తున్నాడు. ఎదుటి గోడ మీద చీటీ ఉంది, ఒకమ్మాయి దాన్ని పైకి చదువుతోంది: “పేరు: ఇంకా రాలేదు. కర్ర, ఇనుము, తోలు, ఎదురుచూపు.”

అక్కకి విషయం అర్థమైంది. బెంచీ కాదిది, కళ. ఆ బూట్లు కళ, సంచి కళ. ఇప్పుడు లేస్తే ఇంతమంది ముందు పరువు గంగలో కలుస్తుంది. కదలకుండా ఉంటే తను కూడా కళే. వీళ్ళు పోయాక మెల్లిగా జారుకోవచ్చు. ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకుంది.

అంతలో ఒక దగ్గు వినబడింది. ఆ దగ్గు ఆమెకి తెలుసు. వాళ్ళాయన.

అలవాటు ప్రకారం ఆయన ముందు చీటీ దగ్గరికే వెళ్ళాడు. దగ్గరి చూపు జోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ఆ జోడు మార్చకుండానే జనం మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అందులోంచి దూరంగా ఉన్న మనుషుల ఆకారం తెలుస్తుంది గానీ, మొహాలు అలుక్కుపోయినట్టు కనబడతాయి. అలుక్కుపోకపోయినా పోల్చేవాడో లేదో. ఆ పొద్దున ఆమె ఏం రంగు బట్టలు వేసుకుందో పోలీసులు అడిగినా చెప్పలేడు.

“నిజం మనిషేమో అనిపిస్తోంది కదండీ,” అంది చీటీ చదివిన అమ్మాయి.

“మైనం అయి ఉంటుందమ్మా,” అన్నాడు ఆయన. “చీటీలో రాయలేదు చూడు. కావాలనే రాయలేదు. ఎదురుచూపు అని రాశాడు.”

అక్క నిర్ఘాంతపోయింది. తనని గుర్తుపట్టనందుకు కాదు. ముక్కూ మొహం తెలియని పిల్లతో ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడినందుకు. ఇంకా మాట్లాడుతున్నాడు.

“ఆ భుజాలు చూడు. ఇప్పుడు వంగినవి కావు, ఎన్నో ఏళ్ళుగా ఒకే పని మీద వంగి వంగి అలా ఉండిపోయాయి. కుడిది ఎక్కువ వంగింది, బరువు ఆ చేత్తోనే లాగుతుంది కాబోలు. కాళ్ళు ఎలా వాచాయో. కూర్చుంది గానీ కూర్చున్న సుఖం లేదు ఆవిడకి. ఎవరో వస్తారని చూసి చూసి కళ్ళు మూసుకుంది.”

జనం వింటున్నారు. అక్క కూడా. తన కుడి భుజం సంగతి తనకే తెలియదు. ఇంకా చెప్పండి, ఆపకండి అని లోపల్లోపల వేడుకుంది. ఇన్నేళ్ళలో ఎవరూ తన గురించి అంతసేపు మాట్లాడలేదు. అది మైనపు బొమ్మ గురించే అయినా సరే, వినాలనిపించింది.

“ఎవరి కోసమండీ?” అంది ఆ అమ్మాయి.

“ఎవడో ఉంటాడు. ఇక్కడ కూర్చోబెట్టి మరిచిపోయాడు. వాడు బొమ్మలో లేడు గానీ, బొమ్మంతా వాడి గురించే. దుర్మార్గుడు.” ఆయన నాలుక చప్పరించాడు. “ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఈవిడ ఇలా ఉండేది కాదు.”

అక్కకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండిటికన్నా ముందు ఒళ్ళు మండింది. ఆపుకుందామన్నా ఆగక ఒక కన్నీటి చుక్క చెంప మీదికి జారింది.

“అయ్యో, కన్నీళ్ళు కూడా పెట్టారు,” అంది అమ్మాయి.

“లోపల యంత్రం ఉంటుందమ్మా,” అన్నాడు ఆయన.

అక్క కళ్ళు తెరిచింది. “యంత్రం లేదు, ఏమీ లేదు,” అంది. “ఆ దుర్మార్గుడు మీరేనండీ.”

ఎవరో కెవ్వుమన్నారు. ఇద్దరు ముగ్గురు వెనక్కి గెంతారు. ఆయన మాత్రం అలాగే ఉండిపోయాడు. ముక్కు మీది జోడు తీశాడు, మెళ్ళోది పెట్టుకున్నాడు. చూశాడు. నది ఒడ్డునీ పొగమంచునీ చూడ్డానికి దాచుకున్న చూపంతా పెట్టి చూశాడు. మొహం, భుజాలు, కాళ్ళు. గీత దాటి వచ్చేశాడు. అరుపు విని ఎవరో గంట మోగించారు, ఆయన పట్టించుకోలేదు. ఆమె కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, అక్కడున్న బూటొకటి తీసి, గబగబా ఆమె పాదానికి తొడగబోయాడు. పట్టలేదు. బలవంతంగా నెట్టాడు.

“అవి నావి కావండీ,” అంది అక్క. “అవి కళ. నావి ఈ పక్కన.”

ఆయన చేతిలో ఉన్న బూటు వంకా, పక్కన ఉన్న బూట్ల వంకా చూశాడు. ఏవి తన భార్యవో చెప్పలేకపోయాడు. ఆ మొహం చూస్తే అక్కకి జాలేసింది, వద్దనుకున్నా వేసింది.

కాపలా ఆవిడ ఆయాసపడుతూ వచ్చింది. “అమ్మా, మీరు కళ మీద కూర్చున్నారు. లేవండి.”

“లేస్తున్నా తల్లీ. నీ కళ గట్టిదే, ఎక్కడా విరగలేదు.”

అక్క బతిమాలినా లాభం లేకపోయింది. ఇద్దరినీ తలుపు దాకా నడిపించి బయటికి పంపేశారు, మళ్ళీ రావద్దన్నారు. పై అంతస్తు చివరి గది, నది ఒడ్డు, పొగమంచు, అన్నీ లోపలే ఉండిపోయాయి. ఆయన ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

బయట మెట్ల మీద కూలబడ్డారు. ఆయన పైమెట్టు మీద కూర్చోబోయి, మళ్ళీ దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“అన్ని మాటలు వచ్చా మీకు?” అంది అక్క. “ఇంట్లో నాతో ఒక్కటీ అనలేదే.”

“నువ్వు బెంచీ మీద నిద్రపోతావు కదా. ఇవేవీ నీకు పట్టవనుకున్నాను.”

“అడిగి చూశారా?”

అడగలేదని ఇద్దరికీ తెలుసు. కింద వీధిలో జనం పోతున్నారు. ఆయన రెండు జోళ్ళూ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు, చొక్కా అంచుతో అద్దాలు తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

“ఇన్నేళ్ళూ, ఇన్ని ఊళ్ళు,” అన్నాడు చివరికి, చాలా చిన్నగా. “నువ్వేం చూశావే?”

బెంచీలని చెబుదామని నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

“మీ వీపు చూశానండీ,” అంది. “ప్రతి ఊళ్ళోనూ అదే. కాలరు కింద ఒక ముడత ఉంటుంది. ఎంత ఇస్త్రీ చేసినా పోదు.”